మా మేనత్తను సంచుల కాపలాకు తీసుకెళ్లలేదు

సంపాదకుల వారికి,

నమస్కారములు.

సెలవుల్లో పిల్లలతో చూసిరాదగిన థీమ్ పార్కులు, వాటర్ పార్కుల గురించి మీ జిల్లా అనుబంధంలో వచ్చిన కథనాన్ని మా ఇంట్లో అందరం చదివాం. టికెట్టు ధరలు, తెరిచే వేళలు, తిరుపతి నుంచి ఎన్ని గంటల ప్రయాణం, ఇంటి తిండిని లోపలికి రానిస్తారా లేదా అన్న సంగతులన్నీ అందులో ఉన్నాయి. ఇంట్లో సరిగా నడవలేని మనిషి ఉంటే వారిని కూడా వెంట తీసుకెళ్లవచ్చా అన్నది మాత్రం ఏ ఒక్క పార్కు విషయంలోనూ లేదు. తప్పు పట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పార్కు వాళ్లే చెప్పని సంగతి విలేకరికి ఎలా తెలుస్తుంది? అయితే ఆ ఒక్క వివరం ముందుగా తెలియకపోవడం వల్ల పోయిన ఏడాది మా కుటుంబానికి ఎదురైన అనుభవం మీ పాఠకుల్లో ఇంకొందరికి ఎదురు కాకూడదని రాస్తున్నాను.

మా మేనత్తకు 71 ఏళ్లు. నా ఆరో ఏట మా అమ్మ పోతే, చంద్రగిరి దగ్గరి పల్లె నుంచి వచ్చి నన్నూ మా చెల్లెలినీ పెంచి పెద్ద చేసింది. రెండున్నరేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. చెయ్యి చాలావరకు కుదుటపడింది గానీ ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడవాలి. కుడి మోకాలు అంతకు ముందే అరిగిపోయి ఉంది. ఇంట్లో వాకర్ పట్టుకుని ఇరవై ముప్పై అడుగులు వేయగలదు, గడప దాటితే చక్రాల కుర్చీ కావాలి. తనకు ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగే మనిషి కాదు. అలాంటిది, పిల్లలు పార్కు పార్కు అని గోల పెడుతూ ఉంటే, "ఆడ రంగులరాట్నం ఉంటుందా?" అని అడిగింది. చిన్నప్పుడు ఎద్దులబండిలో తిరుపతి గంగమ్మ జాతరకు వచ్చి రంగులరాట్నంలో కొయ్యగుర్రం ఎక్కిన కథ ఆమె నోట విని విని మా పిల్లలకు కంఠతా వచ్చేసింది. అందుకే ఆమెను ఇంట్లో వదిలి వెళ్లడానికి పిల్లలే ఒప్పుకోలేదు.

మేము వెళ్లిన పార్కు పేరు రాయను. మా ఊరిది కాదు, కారులో కొన్ని గంటల దూరం. గేటు దగ్గర ఆమెకూ మాతో పాటు పూర్తి టికెట్టు కొన్నాం. నడవలేని వాళ్లకు తగ్గింపు ఏమైనా ఉందా అని అడిగితే, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టు చూపించమన్నారు. పింఛను కోసమో రిజర్వేషను కోసమో అవసరమైతే తప్ప ఆ సర్టిఫికెట్టు కోసం ఎవరు తిరుగుతారు? మా అత్తకు అది లేదు. వాళ్ల దగ్గర ఉన్న రెండు చక్రాల కుర్చీల్లో ఒకదానికి కాళ్లు పెట్టుకునే పలక ఊడిపోయింది, రెండోదాని టైర్లో గాలి లేదు. మా కుర్చీ మేము తీసుకెళ్లాం కాబట్టి సరిపోయింది. లోపల దారి పొడవునా అందం కోసం గులకరాళ్లు పరిచారు. చక్రాల కుర్చీకి ముందుండే చిన్న చక్రాలు గులకలో కూరుకుపోతే వెనుక నుంచి ఎంత నెట్టినా కదలవు, గట్టిగా నెడితే కూర్చున్న మనిషి ముందుకు తూలుతుంది. అల్లుడూ నేనూ చెరో పక్క పట్టుకుని కుర్చీని మనిషితో సహా ఎత్తుకుని నడిచాం. చూసేవాళ్లు చూస్తూనే ఉన్నారు. మా అత్త చీర చెంగు తలమీదికి లాక్కుని కళ్లు దించుకుంది.

ప్రతి రైడు క్యూ అయిదారు మెట్లతోనే మొదలవుతుంది. మెట్లు దాటినా, ఇనుప కడ్డీల మధ్య పాములా మెలికలు తిరిగే దారిలో కుర్చీ మలుపు తిరగదు. రంగులరాట్నం దగ్గర మెట్లు లేవు గానీ తిరిగే వేదిక మోకాలెత్తున ఉంది. అక్కడి కుర్రవాడు మంచివాడు, "పెద్దమ్మా, మేము ఎత్తి కూర్చోబెడతాం, ఒక్క నిమిషం" అని పై అధికారిని అడగడానికి వెళ్లాడు. వద్దన్నారని చెప్పడానికి తిరిగి వచ్చినప్పుడు వాడి ముఖం మా ముఖాలకంటే చిన్నబోయి ఉంది. "నన్ను ఈడ నీడలో కూర్చోబెట్టి మీరు పోయి రాండి నాయనా, సంచులు నేను చూసుకుంటా" అంది మా అత్త. పన్నెండు గంటల నుంచి నాలుగున్నర దాకా ఆమె చేసింది అదే. మా సంచులు, చెప్పులు, ఫోన్లు, తడి తువ్వాళ్లు ఆమె చుట్టూ పేర్చి మేము వంతులవారీగా తిరిగి వచ్చాం. కాసేపటికి పక్క కుటుంబం వాళ్లు కూడా "పెద్దమ్మా, కొంచెం చూస్తుండండి" అని తమ సంచులు అక్కడే పెట్టి వెళ్లారు.

మరుగుదొడ్డి సంగతి రాయడానికి సంకోచంగా ఉన్నా రాయకుండా ఉండలేను. తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ చక్కగా ఉంది. తలుపుకు తాళం ఉంది. తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి వెళ్లాడు. చివరికి తెరిపిస్తే లోపల చీపుళ్లు, బకెట్లు, ఫినాయిలు డబ్బాలు. వాటిని బయటపెట్టి శుభ్రం చేసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఇలాంటిదేదో జరుగుతుందని మా అత్త ముందే అనుకుందట. అందుకే ఆ ఎండలో ఉదయం నుంచి గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. ఆ మాట నాకు తిరుగు ప్రయాణంలో, ఆమె పెదవులు ఎండిపోయి ఉండడం చూసి అడిగితే తెలిసింది. ఊరి ప్రయాణం అనగానే నీళ్లు తాగడం మానేసే పెద్దవాళ్లు మీ పాఠకుల ఇళ్లలోనూ ఉండే ఉంటారు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. రైడు ఎక్కనివ్వకపోవడం ప్రతిసారీ అన్యాయం అనలేం. వేగంగా తిరిగే రైడులో మెడను, నడుమును తానే నిలబెట్టుకునే బలం ఉండాలి, రెండు చేతులా కడ్డీని పట్టుకోగలగాలి. కరెంటు పోయి రైడు పైన ఆగిపోతే ఇరుకైన ఇనుప మెట్ల మీదుగా నడిపించి దించవలసి వస్తుంది. నడవలేని మనిషిని ఆ స్థితిలో ఎలా దించుతారో తెలియకుండా ఎక్కించడం సాహసమే. మా అత్తను రోలర్ కోస్టర్ ఎక్కించమని నేనూ అడగను, ఆమే ఎక్కదు. నా ఫిర్యాదల్లా ఇంతే: ఏది ఎక్కవచ్చో ఏది ఎక్కకూడదో ముందు రోజు ఇంట్లో ఉండగా ఎవరైనా చెప్పి ఉంటే, ఆమె తనంతట తాను ఆలోచించుకుని వస్తాననో రాననో చెప్పేది. టికెట్టు కొని, రాళ్ల దారిలో ఎత్తుకెళ్లి, నలుగురి ఎదుట నిలబెట్టిన తర్వాత "వద్దు" అనిపించుకోవలసిన పని ఉండేది కాదు.

ఇలా ముందే చెప్పడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలోని డిస్నీ పార్కులు ప్రతి రైడుకూ ఎదురుగా ఒక చిన్న వివరం ప్రకటిస్తాయి: చక్రాల కుర్చీలో కూర్చునే ఎక్కవచ్చా, కుర్చీలోంచి రైడు సీటులోకి మారాలా, లేక సొంతంగా నడవగలిగితేనే ఎక్కాలా అని. ముఖ్యంగా ఈ మూడు రకాలు. ఈ మూడు మాటలతో ఇంట్లో కూర్చునే ఒక రోజు ప్రణాళిక వేసుకోవచ్చు. అక్కడి క్యూల సంగతి తెలుసుకున్నప్పుడు నాకు మరీ ఆశ్చర్యం కలిగింది. కుర్చీ పట్టేంత వెడల్పుగా కట్టిన క్యూలలో చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు కూడా అందరితో పాటే వరుసలో కదులుతారు. వరుసలో నిలబడే ఓపిక పట్టలేని ఆటిజం వంటి సమస్యలు ఉన్నవారికి వేరే ఏర్పాటు ఉంది. క్యూ అంటే ఏమిటో తిరుపతి వాళ్లకు ఇంకొకరు చెప్పనక్కర లేదు గదా. దాన్ని తప్పించుకోవడమే సౌకర్యమని మనం అనుకుంటాం, అందులో చోటు దొరకడం కూడా సౌకర్యమేనని నాకు అప్పుడు తోచింది.

టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో గోర్డన్ హార్ట్‌మన్ అనే ఆయన వైకల్యం ఉన్న తన కూతురి కోసం 2010లో మోర్గాన్స్ వండర్‌ల్యాండ్ అనే పార్కునే కట్టించారు. ఈత కొలనులో తోటి పిల్లలతో ఆడుకోవాలని తన కూతురు దగ్గరికి వెళ్తే వాళ్లు లేచి వెళ్లిపోవడం ఆయన చూశారట. అక్కడ కుర్చీతో సహా ఎక్కే ఊయలలున్నాయి, కుర్చీతో సహా ఎక్కి గుర్రాలతో సమానంగా పైకీ కిందికీ ఊగే రంగులరాట్నం ఉంది, వైకల్యం ఉన్నవారికి ప్రవేశం ఉచితం. 2017లో దాని పక్కనే వాటర్ పార్కు తెరిచారు. బ్యాటరీ కుర్చీలు నీళ్లలో పాడవుతాయి కనుక పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వారు గాలి ఒత్తిడితో నడిచే కుర్చీలను తయారు చేశారు. రంగులరాట్నం సంగతి చదివి వినిపిస్తే మా అత్త, "అంత దూరం ఎవరు పోతారు గానీ, ఆ గుర్రం ఎంతెత్తు లేస్తుందో అడుగు" అంది.

అంత దూరం పోనక్కర లేదు కూడా. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో ఇసుక మీదుగా సముద్రం దగ్గరిదాకా చెక్కబాట వేశారు. కొద్దిరోజులకే మాండూస్ తుపానులో దెబ్బతింటే మళ్లీ బాగు చేశారు. కుర్చీలో ఉన్నవాళ్లు ఆ బాట మీదుగా అలల దగ్గరికి వెళ్లగలిగారు.

ఇంకా దగ్గరగా చూస్తే మన కొండే ఉంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడేదాకా నడవలేని వాళ్లకు డోలీయే దిక్కు. రోడ్డు వేసినందుకు స్వామి మహిమ తగ్గిందని ఎవరూ అనలేదు, మెట్లెక్కే వాళ్లు మెట్లెక్కుతూనే ఉన్నారు. 65 ఏళ్లు దాటిన వారికీ దివ్యాంగులకూ తిరుమలలో ప్రత్యేక దర్శనం ఏర్పాటు ఉంది. దాని నియమాలు, వేళలు, తేవలసిన కాగితాలు ముందుగా తెలుసుకునే దారి ఉంది కాబట్టే దేశం నలుమూలల నుంచి పెద్దవాళ్లను వెంటబెట్టుకుని కుటుంబాలు ఇక్కడికి వస్తాయి. దర్శనమైన మర్నాడు ఆ కుటుంబాల్లోని పిల్లలు ఎక్కడికైనా తీసుకెళ్లమంటారు. అప్పుడు ఆ తాతో అవ్వో లాడ్జి గదిలో ఉండిపోవాలి, లేదా మా అత్తలాగా సంచుల దగ్గర కూర్చోవాలి. ఇంతమంది నడవలేని పెద్దవాళ్లు బయటి ఊళ్ల నుంచి రోజూ వచ్చే ఊరు ఇంకెన్ని ఉంటాయి? చుట్టుపక్కల పార్కులు నడిపేవాళ్లు ఈ కోణంలో వ్యాపార లెక్క వేసుకున్నా నష్టపోరు. తాత రాలేని చోటికి చాలాసార్లు ఇంటిల్లిపాదీ రావడం మానుకుంటారు.

ఆ తర్వాత చలికాలంలో అత్తను శ్రీ వెంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకు తీసుకెళ్లాం. 1987లో తెరిచిన ఆ జూ విస్తీర్ణం 5,532 ఎకరాలు. కాళ్లు బాగున్న వాళ్లకే కాళ్లు పీకే విస్తీర్ణం. అందుకే అక్కడ అందరికీ బ్యాటరీ బండ్లున్నాయి. మా అత్త కూడా అందరిలాగే టికెట్టు తీసుకుని ఎక్కింది, అందరిలాగే నెమలి కనబడితే మనవరాలి భుజం తట్టి చూపించింది. ఆ రోజు ఆమె ఎవరి దయనూ కోరలేదు. మధ్యాహ్నం రెండుసార్లు అడిగి నీళ్లు తాగింది. ఇంటికి వచ్చాక మా ఆవిడ నాతో మొదట చెప్పిన సంగతి అదే.

చట్టం విషయానికి వస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజా భవనం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో ప్రభుత్వ భవనాలతో పాటు ప్రైవేటు భవనాలు కూడా ఉన్నాయి, మత సంబంధమైనవి ఉన్నాయి, విశ్రాంతికీ వినోదానికీ వాడేవి ఉన్నాయి. అంటే వినోదం పేరు చెప్పి తప్పించుకునే వీలు లేదు. ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా అని 89వ సెక్షను చెబుతుంది. 2017 నాటి నిబంధనల్లో సౌకర్యాల ప్రమాణాలు తప్పనిసరి ఆదేశాలుగా లేకుండా ఉత్త మార్గదర్శకాలుగా మిగిలిపోయాయని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు 15వ నిబంధనను తప్పుబట్టి, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఇవన్నీ మంచివే. కానీ మా అత్త వంటి వాళ్ల ఇబ్బంది చట్టానికి కాస్త పక్కగా ఉంటుంది. నలభై శాతం వైకల్యం ఉన్నట్టు కాగితం ఉంటేనే చాలా ప్రయోజనాలు అందుతాయి. మోకాళ్లు అరిగిన ముసలివాళ్లలో, నిరుడు తుంటి ఎముక విరిగిన వాళ్లలో, గుండె ఆపరేషను అయిన వాళ్లలో ఆ కాగితం ఉన్నవాళ్లు ఎంతమంది? తగ్గింపు ధరకు కాగితం అడిగితే అడగండి. నీడలో ఒక బల్లకూ, తాళం వేయని మరుగుదొడ్డికీ, మెట్ల పక్కన వాలుబాటకూ కాగితం ఎందుకు?

మాలాగా బయలుదేరే వాళ్లకు, దెబ్బతిని నేర్చుకున్న నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. వెళ్లే ముందు రోజు పార్కుకు ఫోను చేసి "చక్రాల కుర్చీకి సౌకర్యం ఉందా?" అని అడగకండి, "ఉంది సార్" అనే జవాబు వస్తుంది. గేటు నుంచి మొదటి రైడు దాకా ఎన్ని మెట్లు, దారి సిమెంటుదా రాళ్లదా, మరుగుదొడ్డి తలుపులోంచి కుర్చీ పడుతుందా, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అని విడివిడిగా అడగండి. జవాబిచ్చిన వారి పేరు రాసిపెట్టుకుంటే గేటు దగ్గర పనికొస్తుంది. ఆదివారాలు, పండుగ రోజులు మానుకోండి. మన ఎండలకు ఏప్రిల్, మే అసలే వద్దు. పల్లంలోకి దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, మీరు ముందు దిగుతూ దించండి. ముఖం ముందుకు పెట్టి దించితే మనిషి జారిపోయే ప్రమాదం ఉంది. కుర్చీ ఆపిన ప్రతిసారీ, ఫోటో కోసం ఒక్క క్షణం ఆపినా సరే, రెండు పక్కలా బ్రేకులు వేయండి. వాకర్ కాళ్లకున్న రబ్బరు తొడుగులు అరిగాయేమో బయలుదేరే ముందే చూడండి, తడి టైల్స్ మీద అవే ఆధారం. అన్నిటికంటే ముఖ్యంగా, వారి దగ్గర ఎవరో ఒకరు ఎప్పుడూ ఉండేలా వంతులు వేసుకోండి. సంచులను మాత్రం లాకరులో పెట్టండి.

సంపాదకులకు నా విన్నపం ఒకటే. ఇకమీదట సెలవుల కథనాలు వేసినప్పుడు ప్రతి పార్కు కింద టికెట్టు ధరతో పాటు ఒక్క పంక్తి చేర్చండి: నడవలేని వాళ్లు ఎక్కగలిగే రైడులు ఏవి, ఎన్ని మెట్లున్నాయి, మరుగుదొడ్డి వాడుకునే స్థితిలో ఉందా అని. మీ విలేకరి ఫోను చేసి అడిగితే పార్కు వాళ్లు చెప్పి తీరుతారు. చెప్పకపోతే, చెప్పలేదనే అచ్చు వేయండి. అడిగేవాడు పత్రికవాడని తెలిస్తే తాళంచెవి కూడా త్వరగానే దొరుకుతుందని నా అనుమానం.

తిరుపతి చుట్టుపక్కల చోట్ల వరకు ఆ పని మేము చేసి పెట్టగలం. నేను ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు వాలుబాట ఉండాలన్నది ప్రమాణం. మా పదో తరగతి పిల్లలకు త్రికోణమితి పాఠంలో అచ్చం ఇలాంటి లెక్కలే ఉన్నాయి. ఆయా యాజమాన్యాలు అనుమతిస్తే టేపు పట్టుకుని మెట్లు, వాలు, తలుపుల వెడల్పు కొలిచి, పట్టిక రాసి మీ కార్యాలయానికి తెచ్చి ఇస్తాం. మొదట దేనిని కొలవాలో మా అత్త ఇప్పటికే చెప్పింది: రంగులరాట్నం వేదిక నేల నుంచి ఎంత ఎత్తు ఉందో.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయుడు,
కొర్లగుంట, తిరుపతి.